కట్టమంచి రామలింగారెడ్డిగారును స్నాతకోత్సవ వేదికయు

హైదరాబాదునుండి కర్నూలు పోవు రహదారిమీద శంషాబాదు ఒకనాడు పంటపొలముల నడుమ నున్న చిన్న ఊరు. 2008వ సంవత్సరము మార్చి నెలలో అచ్చట విమానాశ్రయము తెరువబడినది. సుమారు 5,500 ఎకరముల భూమి అందులకు వినియోగమైనది. దాని చుట్టుపట్ల ఇంజనీరింగు కళాశాలలును, వేలమంది కూర్చుండదగు సభామందిరములును లేచినవి. దాపుననే రాజేంద్రనగరమున వ్యవసాయ విశ్వవిద్యాలయ మున్నది. శివరాంపల్లిలో జాతీయ పోలీసు అకాడమీ యున్నది. కావున ఈ ప్రాంతమున పట్టప్రదానోత్సవములకు ఏటేట కొదువ లేదు. ఉదయపు విమానమున దిగిన ముఖ్య అతిథి మధ్యాహ్నము ఉపన్యసించి, పతకములు పంచి, సాయంకాలపు విమానమున మరలిపోవుట ఇచ్చట వింత గాదు.

మే మట్టి సభలను పెక్కింటిని చూచితిమి. దీపము వెలిగింతురు; ప్రార్థన పాడుదురు; నల్లని యంగీలు తొడిగికొనిన విద్యార్థులు వరుసగా వచ్చి పట్టములు పుచ్చుకొందురు; వేదికమీది పెద్దలు ఒకరి కొకరు శాలువలు కప్పుకొందురు. అతిథి చదువు ఉపన్యాసము ఏ ఊరనైనను, ఏ యేడైనను చెల్లుబడి యగునట్టిదిగా నుండును. వెనుకటి వరుసలలో మన రైతులు కూర్చుండి యుందురు. కొడుకు చదువునకై రెండెకరములు తెగనమ్మినవారు, కూతురి రుసుమునకై వడ్డీకి అప్పు తెచ్చినవారు వారిలో కలరు. వారికి ఆ దినము పెండ్లివంటిది. కాని వేదికనుండి వినవచ్చు మాటలలో వారు తమ యింటికి దీసికొనిపోదగినది ఏమున్నదని విచారించినచో, మాకు తరచుగా జవాబు దొరకుట లేదు.

ఉత్సవము వ్యర్థమని మా యభిప్రాయము గాదు. స్నాతక మను మాటయే మన పూర్వులది. గురుకులవాసము ముగించి మంగళస్నానము చేసిన బ్రహ్మచారి స్నాతకుడు. తైత్తిరీయోపనిషత్తునందలి శిక్షావల్లిలో, ఇంటికి మరలు శిష్యునకు ఆచార్యుడు చేయు అనుశాసనము నేటి స్నాతకోపన్యాసముల కన్నిటికిని తాత వంటిది. అది మిక్కిలి చిన్నది. చేయవలసిన పనులను చెప్పి ముగించును. సన్మానమును మనకు క్రొత్త గాదు. ప్రౌఢదేవరాయల యాస్థానమున గౌడడిండిమభట్టును వాదమున గెలిచిన పిమ్మట శ్రీనాథునకు కనకాభిషేకము జరిగినదని మన సాహిత్యచరిత్ర చెప్పును. వాదము ముందు, అభిషేకము వెనుక. ఆ క్రమము తలక్రిందులైననాడు సన్మానము నాటకమగును.

ఇచ్చువాడు ఎరిగి యీయవలెను. పుచ్చుకొనువాడు అర్హుడై పుచ్చుకొనవలెను. ఇచ్చువానికి అవసరమైనచో ఆ పీఠమునే విడువగల గుండె యుండవలెను. ఈ మూడును మన కాలమునకు చేరువలో ఎట్లు నెరవేరినవో, ఎచ్చట కొంత తప్పినవో తెలిసికొనుటకు కట్టమంచి రామలింగారెడ్డిగారి చరిత్రముకంటె మంచి నిదర్శనము మాకు తోచుట లేదు. ఆయన విద్యార్థిగా బహుమతి నందుకొనిరి. వైస్ ఛాన్సలరుగా బిరుదముల నిప్పించిరి. తుదకు ఆయన పేరనే యొక బహుమతి యేర్పడెను. కావున ఆ జీవితమును మా చదువరుల యెదుట నుంచుచున్నాము.

రెడ్డిగారు 1880వ సంవత్సరము డిసెంబరు 10వ తేదీన చిత్తూరు పట్టణమునకు చేరువనున్న కట్టమంచి గ్రామమున జన్మించిరి. తండ్రి సుబ్రహ్మణ్యరెడ్డిగారు, తల్లి నారాయణమ్మగారు. భూవసతి గల కుటుంబము. ఆ సీమ అప్పుడు ఉత్తర ఆర్కాడు జిల్లాలో చేరి యుండెను; చిత్తూరు జిల్లా 1911లో గాని యేర్పడలేదు. తెలుగు, తమిళము, కన్నడము మూడును సంతలో వినవచ్చు సరిహద్దునేల యది. చిత్తూరున చదువు ముగించి ఆయన మదరాసు క్రైస్తవ కళాశాలలో ప్రవేశించిరి.

ఆ కళాశాలలో ఆంధ్ర భాషాభిరంజని యను విద్యార్థి సంఘ ముండెను. సమర్థి రంగయ్య సెట్టిగారు అచ్చటి తెలుగు అధ్యాపకులు. 1899లో పద్యకావ్య రచనకు పోటీ పెట్టగా, పందొమ్మిదేండ్లయినను నిండని రామలింగారెడ్డిగారు ముసలమ్మ మరణ మను కావ్యమును వ్రాసి బహుమతి గెలుచుకొనిరి. మరుసటి యేడు అది అచ్చయ్యెను. బ్రౌను దొర ప్రకటించిన అనంతపుర చరిత్రమునుండి ఆయన ఇతివృత్తమును గ్రహించిరి. అనంతపురమునకు చేరువనున్న బుక్కరాయసముద్రపు చెరువు గండి పడబోవుచున్నది. ఊరు మునుగనున్నది. ఒక రెడ్డి యింటి కోడలు, ముసలమ్మ యను పేరుగల యువతి, ఊరిని కాపాడుటకై ఆ గండిలో తన్ను తాను బలి యిచ్చుకొన్నది. కథ యింతియే.

ఈనాటి చదువరికి ఇందు వింత తోపకపోవచ్చును. ఆనాడు కావ్యమనిన రాజులును, దేవతలును, వర్ణనలును. చెరువుగట్టు కావ్యవస్తువు గాదు. పల్లెటూరి కోడలు నాయిక గాదు. ఒక కుర్రవాడు ఆ కట్టు దాటెను. అతనికి బహుమతి నిచ్చిన పెద్దలు కట్టు దాటుటను తప్పుగా నెంచక, గుణముగా గుర్తించిరి. తెలుగున నవ్యకవిత్వమునకు దారి తీసిన తొలి ఖండకావ్యములలో నొకటిగా నేడు దానిని పండితులు లెక్కించుచున్నారు. ఒక కళాశాల సంఘము పెట్టిన చిన్న పోటీ చేసిన మేలు అది. పోటీ లేకున్న కావ్యము పుట్టెడిదో లేదో యెవరు చెప్పగలరు? కళాశాలలలో బహుమతు లెందులకని యడుగువారికి ఇది మా సమాధానము.

1902లో ఆయన భారత ప్రభుత్వ విద్యార్థివేతనముతో ఇంగ్లాండు వెడలి కేంబ్రిడ్జిలోని సెంట్ జాన్స్ కళాశాలలో చరిత్రశాస్త్ర మభ్యసించిరి. పరీక్షలో ఉత్తమశ్రేణి నందుటయే గాక, అచ్చటి విద్యార్థుల వాదసభయగు కేంబ్రిడ్జి యూనియనునకు ఉపాధ్యక్షులుగా ఎన్నికైరి. బ్రిటిషు పార్లమెంటునకు పోవు యువకులు నోరు తిప్పుట నేర్చుకొను సభ యది. పాలింపబడు దేశపు బిడ్డడు పాలించు జాతి యువకుల యోట్లతో అందు పదవి కెక్కుట ఆనాడు సామాన్యము గాదు. సభావేదికపై ఎదుటివాని మాటను వెంటనే పట్టి, దానినే చమత్కారముగా త్రిప్పి కొట్టు నేర్పు ఆయన కచ్చటనే పదునెక్కినది. అది మరణపర్యంతము ఆయనను విడువలేదు.

స్వదేశమునకు వచ్చినపిదప బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడుగారి కళాశాలలో ఉద్యోగము లభించినది. ఆ కళాశాలలో అంతకు ముందు ఆచార్యుడుగను, ఉపప్రధానాధ్యాపకుడుగను ఉన్న అరవింద ఘోషుగారు వంగదేశోద్యమమున ప్రవేశించుటకై 1906లో బరోడాను విడిచిరి. ఆయన ఖాళీచేసిన స్థానమున రామలింగారెడ్డిగారు చేరిరి. ఈ చిన్న సంగతిని చదువరులు జ్ఞాపక ముంచుకొన వేడుచున్నాము. నలువదేండ్ల కది మరల పైకి రాగలదు.

బరోడాలో ఆయన చిరకాల ముండలేదు. 1908లో మైసూరు చేరి మహారాజా కళాశాలలో చరిత్రాచార్యులైరి. పిదప అదే కళాశాలకు ప్రధానాధ్యాపకులైరి. 1918 మొదలు 1921 వరకు సంస్థాన విద్యాశాఖకు ఇన్‌స్పెక్టరు జనరలుగా నుండిరి. 1916లో మైసూరు విశ్వవిద్యాలయము స్థాపింపబడిన కాల మది. విద్యాశాఖ తన చేతికి వచ్చినప్పుడు ఆయన చేసిన ముఖ్యకార్యము, ప్రభుత్వ పాఠశాలల తలుపులను పంచముల బిడ్డలకు తెరచుట. గోడ కావల నిలిచి పాఠము వినుమని చెప్పబడిన బాలుడు ఇతరులతో సమానముగా గదిలో కూర్చుండవలెనని ఆయన పట్టుపట్టిరి. అగ్రజాతుల పెద్దలలో అలజడి కలిగినది. అయినను ఆయన వెనుదీయలేదు. బహుమతి సభలలో విద్య యందరి సొత్తని చెప్పుట సులభము. ఆ మాటను ఉత్తరువుగా వ్రాసి సంతకము చేయుట కష్టము. రెడ్డిగారు రెండవ పనిని చేసినవారు.

మైసూరులో నుండగనే ఆయన 1914లో కవిత్వతత్త్వ విచారమును ప్రకటించిరి. పింగళి సూరనార్యుని కళాపూర్ణోదయమును పరీక్షించు నెపమున ఆ గ్రంథము ప్రబంధకవుల మార్గమును నిర్మొగమాటముగా విమర్శించినది. పండితులు కినిసిరి, ఖండనములు వెలువడినవి. తెలుగున విమర్శ యనగా స్తుతియో, వ్యాకరణదోషముల పట్టికయో కాక, కావ్యమును మొత్తముగా తూచుట యని ఆ గ్రంథము నిరూపించినది. అందరిని పొగడువాని పొగడ్తకు వెల లేదు. నచ్చనిదానిని నచ్చలేదని చెప్పగలిగిన మనుష్యుడు గనుకనే పిదప ఆయన అధ్యక్షతన విశ్వవిద్యాలయ మిచ్చిన బిరుదములకు బరువు వచ్చినది.

1921లో మైసూరు కొలువును విడిచి ఆయన చెన్నపురి రాజకీయములలో దిగిరి. మొదట జస్టిసు పక్షమున చేరిరి. ఆ పక్షపు మంత్రివర్గము తీరు నచ్చక 1923 నవంబరులో శాసనసభలో దానిపై అవిశ్వాస తీర్మానమును తెచ్చిరి. అది 65కు 44 వోట్లతో వీగిపోయినది. తాను చేరిన పక్షమునే తాను నిలదీయుట కొందరికి చపలత్వముగా తోచెను. ఆయన రాజకీయ జీవితమున నిలుకడ తక్కువని మేమును ఒప్పుకొందుము. కాని పదవికొరకు నోరు కట్టుకొనువాడు కాడని కూడ ఆ దినమున స్పష్టమైనది.

తెలుగువారికి ప్రత్యేక విశ్వవిద్యాలయము కావలెనను కోరిక 1926లో నెరవేరెను. బెజవాడ ముఖ్యస్థానముగా ఆంధ్ర విశ్వకళాపరిషత్తు వెలసినది. దానికి మొదటి వైస్ ఛాన్సలరు రామలింగారెడ్డిగారు. పనికి ముందే తగవులు వచ్చినవి. ముఖ్యస్థానము బెజవాడ యని కొందరు, రాజమహేంద్రవర మని కొందరు, వాల్తేరని కొందరు, అనంతపుర మని కొందరు. తుదకు 1930లో వాల్తేరు నిశ్చయమయ్యెను. ఈ లోపల రాయలసీమ కళాశాలలు మదరాసు విశ్వవిద్యాలయమునకే మరలిపోయినవి. నైజాము రాష్ట్రపు తెలుగువారు మొదటినుండియు దాని పరిధికి వెలుపలనే యుండిరి. వారి రాజధానిలో 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయము ఉర్దూలో బోధించుచుండెను. తెలుగుజాతి యంతటి పేర వెలసిన విద్యాపీఠము తెలుగునేలలో ఒక భాగమునకే పరిమితమైనది. స్వయముగా రాయలసీమవాడైన వైస్ ఛాన్సలరునకు ఇది యెట్టి బాధయో ఊహింపవచ్చును.

ఆ విశ్వవిద్యాలయము చేసిన మంచిపనులలో కళాప్రపూర్ణ బిరుదము నొకదానిగా మేము లెక్కింతుము. పరీక్షలు వ్రాయని పండితుని, కళాశాల మెట్లెక్కని కవిని విద్యాపీఠము తన వేదికపైకి పిలిచి పట్టభద్రులయెదుట గౌరవించుటకు ఏర్పడిన బిరుద మది. 1927లో వేదము వేంకటరాయశాస్త్రిగారికి అది లభించినది. శాస్త్రిగారు గ్రాంథికభాషకు కంచుకోట. నాటకములలో మాత్రము పాత్రోచిత భాషను వాడిన రసికులు. అప్పటికే వృద్ధులు; మరి రెండేండ్లకు 1929లో స్వర్గస్థులైరి. బిరుదము ఆయనకు పెద్దరికమును తెచ్చినదని యెవరును అనజాలరు. ఆయన అంగీకారముచే నూతన విశ్వవిద్యాలయమునకే పెద్దరికము వచ్చినది.

1930వ సంవత్సరము వచ్చెను. మార్చి 12వ తేదీన గాంధీమహాత్ముడు సబర్మతినుండి దండికి నడక సాగించెను. ఏప్రిలు మొదలు దేశమంతట ఉప్పు సత్యాగ్రహము. మన సముద్రతీరమున పల్లెపల్లెకు ఉప్పుకుండలు పొయ్యి కెక్కినవి, లాఠీలు విరిగినవి, చెరసాలలు నిండినవి. విశ్వవిద్యాలయ శాసనము ప్రకారము ఛాన్సలరు మదరాసు గవర్నరు. స్నాతకోత్సవమున అధ్యక్షపీఠము ఆయనది. ఆయన ప్రక్కన నిలిచి పట్టభద్రులను సమర్పించు ధర్మము వైస్ ఛాన్సలరుది. ఒక చేత లాఠీ ప్రయోగించు ప్రభుత్వము మరియొక చేత పట్టములు పంచుచుండగా ఆ చేతిప్రక్కన నిలుచుటయా, మానుటయా యను ప్రశ్న రెడ్డిగారి యెదుట నిలిచినది.

ఆయన నిలువలేదు. ప్రభుత్వపు దమననీతికి నిరసనగా వైస్ ఛాన్సలరు పదవికి రాజీనామా నిచ్చిరి. అది సత్యాగ్రహి చేసిన త్యాగమువంటిది గాదని, ఆయన చెరసాలకు పోలేదని అనువారు అనవచ్చును, అది నిజమే. అయినను ఆయన విడిచినది తాను నాలుగేండ్లు కష్టించి నాటిన మొక్క. వాల్తేరు కొండమీద విశ్వవిద్యాలయము కుదురుకొనుచున్న సంవత్సరముననే ఆయన దానిని విడిచిపోయిరి. ఆ యేటి విద్యార్థులు వేదికపై నుండి వినగలిగిన యే స్నాతకోపన్యాసముకంటెను ఆ ఖాళీ కుర్చీ వారికి స్పష్టముగా బోధించి యుండునని మా నమ్మకము. ఊరికొరకు గండిలో నడచిన ముసలమ్మను పందొమ్మిదేండ్ల ప్రాయమున పాడిన కవికి, ఏబదియవ యేట ఆ కథ జ్ఞాపకము వచ్చెనో యేమో!

1931లో సర్వేపల్లి రాధాకృష్ణపండితులు ఆ స్థానమునకు వచ్చి 1936 వరకు విశ్వవిద్యాలయమును దేశమంతట ప్రసిద్ధము చేసిరి. వారి పిమ్మట రెడ్డిగారు మరల ఎన్నికై 1949 వరకు పదుమూడేండ్లు పాలించిరి. జయపుర సంస్థానాధీశ్వరులగు విక్రమదేవవర్మగారి యేటేటి లక్ష రూపాయల దానము విజ్ఞానశాస్త్ర కళాశాలకు ప్రాణాధారమైనది. హైదరాబాదులోని నిజాం కళాశాలలో చదివిన సూరి భగవంతముగారు వంటి యువ భౌతికశాస్త్రవేత్తలు వాల్తేరున పరిశోధన సాగించిరి. జమీందారు ధనము ప్రయోగశాలగా మారుట ఆంధ్రదేశమున అప్పటికి క్రొత్త.

1938లో కళాప్రపూర్ణ బిరుదము గిడుగు వేంకట రామమూర్తిపంతులుగారికి లభించినది. పంతులుగారు జీవితమెల్ల వ్యావహారిక భాషకై పోరాడినవారు. సవరల భాషను వారి పల్లెలకు పోయి నేర్చి దానికి వ్యాకరణమును, నిఘంటువును కూర్చినవారు. గ్రాంథికవాదులగు వేదమువారికిని, ఆ వాదమును పడగొట్టబూనిన గిడుగువారికిని ఒకే విశ్వవిద్యాలయము, ఒకే వైస్ ఛాన్సలరు కాలమున, ఒకే బిరుదము! గ్రాంథికముననే వ్రాయుచున్న మాకు దీనిలోని న్యాయము మరింత బాగుగా తెలియుచున్నది. విద్యాపీఠము పక్షములను గాక పాండిత్యమును గౌరవించినది. 1940లో పంతులుగారు గతించిరి. ఆలస్యమైనను గౌరవము ఆయన బ్రదికి యుండగనే అందినది. 1943లో, అప్పటికే చూపు కోల్పోయిన చిలకమర్తి లక్ష్మీనరసింహకవిగారికి అదే బిరుదము లభించినది. గయోపాఖ్యానమును ఊరూర ఆడించిన జనులు ఎన్నడో యిచ్చిన గౌరవమునకు విశ్వవిద్యాలయము ముద్ర వేసినది.

ఇంతవరకు మేము ప్రశంసించితిమి. ఇక తప్పు పట్టవలసినదానిని దాచుట పత్రికాధర్మము గాదు. 1942లో రెడ్డిగారు బ్రిటిషు ప్రభుత్వమిచ్చిన సర్ బిరుదమును స్వీకరించిరి. ఆ యేడు ఏప్రిలు 6వ తేదీన జపాను విమానములు విశాఖపట్టణముపై బాంబులు వేసినవి. విశ్వవిద్యాలయము గుంటూరునకు తరలిపోయినది. ఆగస్టులో క్విట్ ఇండియా ఉద్యమము లేచినది. పండ్రెండేండ్ల క్రిందట దమననీతిని నిరసించి పీఠమును విడిచిన మనుష్యుడు, అదే ప్రభుత్వపు బిరుదమును ధరించి, దేశనాయకు లందరును చెరలో నుండగా పీఠముపై కొనసాగెను. యుద్ధకాలమున చెదరిపోనున్న విద్యాలయమును కాపాడుటకు పీఠము నంటియుండుట యవసరమని ఆయన మిత్రులు చెప్పవచ్చును. గుంటూరున తరగతులు సాగినవి, 1946లో విశ్వవిద్యాలయము వాల్తేరునకు మరలినది గనుక అందు కొంత నిజ మున్నది. పీఠము నంటియుండుటను మేమును తప్పనము. కాని బిరుదమును అంగీకరించుట వేరు. పుచ్చుకొను సన్మానము ఎవరి చేతినుండి వచ్చుచున్నదో చూడవలెనను ధర్మమును 1930లో నేర్పినవారు 1942లో దానిని మరచిరని మా యభిప్రాయము.

ఆయన ఉపన్యాసములగూర్చియు ఒక మాట. ఆయన వక్తృత్వమును విన్నవారు దానిని మరువలేదు. చరిత్ర, అర్థశాస్త్రము, సాహిత్యము మూడును ఒకే వాక్యమున కలిసి వచ్చెడివి. నవ్వించుచునే కుట్టెడి మాట ఆయనది. అర్థశాస్త్రమును తెలుగున వ్రాసి, మన భాషలో శాస్త్రము చెప్పవచ్చునని చూపినవారు ఆయనయే. అట్టివారి స్నాతకోత్సవ ప్రసంగములు సహితము, కాలధర్మము ననుసరించి, ప్రధానముగా ఆంగ్లముననే సాగినవి. ఆ హాస్యమంతయు ముందు వరుసలను దాటి రైతుచెంతకు పోలేదు. ఈ లోపము ఆయనతో పోయినదా? శంషాబాదు చుట్టుపట్ల నేటి సభలకు పోయినవారు చెప్పవలెను.

ఇక ఆయన జీవితమున మిక్కిలి రమణీయమైన ఘట్టము. కట్టమంచి రామలింగారెడ్డి జాతీయ బహుమతి యను పేర ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఒక బహుమాన మేర్పడెను. 1948 డిసెంబరు 11వ తేదీ స్నాతకోత్సవమున అది శ్రీ అరవిందులకు ప్రకటింపబడినది. బరోడాలో ఎవరు విడిచిన కుర్చీలో తాను కూర్చుండెనో, ఆ మహనీయునికే తన పేరి బహుమతి పోవుట రెడ్డిగారు చూచిరి. అరవిందులు సభకు రాలేదు. ఆయన 1926 మొదలు పుదుచ్చేరిలోని తమ యాశ్రమమున ఏకాంతమున నుండిరి. ఆ పట్టణము అప్పటికి ఫ్రెంచివారి పాలనలోనే యుండెను. ఆయన పంపిన సందేశము సభలో చదువబడినది. భారతదేశపు అఖండత్వమునకు భంగము లేకుండ ప్రాంతీయజనులు తమ తమ వ్యక్తిత్వముతో వికసింపవలెనని, భాషాప్రాంతముల ప్రశ్నను ఆ దృష్టితో చూడవలెనని దాని సారాంశము.

ఆ సమయమును గమనింపుడు. దేశము స్వతంత్రమై పదునారు నెలలు. హైదరాబాదు సంస్థానము భారతదేశమున చేరి మూడు నెలలైనను నిండలేదు. ఆంధ్రరాష్ట్ర మింకను కల. అట్టి సభలో సందేశము సాధారణ మంగళాశాసనము గాక, విన్నవారి మనస్సులలో నున్న ప్రశ్ననే ముట్టినది. శాలువ లేదు, దండ లేదు, అతిథియే లేడు. అయినను ఆ విశ్వవిద్యాలయ చరిత్రలో ఆ బహుమాన సభ నిలిచిపోయినది. ఇచ్చినవారికి ఎందుల కిచ్చుచున్నారో తెలిసి యుండెను. పుచ్చుకొన్నవారికి చెప్పవలసినది ఉండెను.

1949లో రెడ్డిగారు వాల్తేరును విడిచి మైసూరు విశ్వవిద్యాలయమునకు ప్రో ఛాన్సలరుగా పోయిరి. 1951 ఫిబ్రవరి 24వ తేదీన పరమపదించిరి. ఆయన వివాహము చేసికొనలేదు. ఏలూరులో ఆయన పేర 1945లో స్థాపింపబడిన కళాశాల నేటికిని నడచుచున్నది.

ఆ పరంపర హైదరాబాదునకును వచ్చినది. వాల్తేరున రెడ్డిగారి కాలమున పనిచేసిన భగవంతముగారు 1952లో ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు వైస్ ఛాన్సలరైరి. 1953 జనవరిలో ఆ విశ్వవిద్యాలయము భీమరావు అంబేడ్కరుగారికి గౌరవ డాక్టరేటు నిచ్చినది. అంబేడ్కరుగా రప్పటికి మంత్రిపదవిని విడిచి యుండిరి. పార్లమెంటు ఎన్నికలో ఓడి యుండిరి. పదవి కొరకు గాక పని కొరకు ఇచ్చిన గౌరవ మది. మైసూరున పంచముల బిడ్డలకు బడితలుపు తెరచిన రెడ్డిగారు బ్రదికి యుండినచో ఆ సభను చూచి సంతసించి యుందురు.

కళాశాలల యాజమాన్యములకు మేము విన్నవించున దొక్కటే. ఖర్చు తగ్గింపుడని మేము చెప్పుట లేదు. పండుగను పండుగగానే చేయుడు. కాని సన్మానింపబడువాడు ఏమి చేసెనో నాలుగు తెలుగు వాక్యములలో వెనుక వరుసకు వినబడునట్లు చదువుడు. చదువదగిన నాలుగు వాక్యములు దొరకకున్నచో ఆ శాలువను మడిచి పెట్టె నుంచుడు. విద్యార్థులకు పతకములతోపాటు పోటీలు పెట్టుడు; తమ ఊరి చెరువుగూర్చి, తమ ఊరి మనుష్యులగూర్చి వ్రాయు కుర్రవాడు మీ కళాశాలలోనే కూర్చుండి యుండవచ్చును. విమానము దిగివచ్చు అతిథి, తాను నిలుచు నేల నిన్న మొన్నటివరకు ఎవరి పొలమో, తన యెదుట కూర్చున్నవారు ఎంత వెచ్చించి ఆ పట్టమును కొనితెచ్చుకొనిరో ముందుగా విచారించి వచ్చుగాక.

తల్లిదండ్రులకును ఒక మాట. వేదికపైనున్నవారి యుడుపులను గాక, వారు ఏనాడైన ఏ న్యాయముకొరకైన ఏమి విడిచిరో విచారింపుడు. మీ బిడ్డలకు పట్టము నిచ్చు చేతిని ఎంచుకొను హక్కు మీకు లేకపోవచ్చును. దానిని తూచు హక్కు మీకు కలదు. కట్టమంచివారిని 1930లో మెచ్చి, 1942లో తప్పు పట్టి, 1948లో మరల నమస్కరించుచున్న మేము ఆ హక్కునే వినియోగించుకొనుచున్నాము.